భువనేశ్వర్ వెళ్తున్న మా మేనకోడలికి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

అమ్మలూ,

భువనేశ్వర్ ఫుట్‌బాల్ క్లబ్బు ట్రయల్స్‌లో నువ్వు ఎంపికయ్యావని మీ నాన్న ఫోనులో చెప్పగానే వీధి అరుగు మీదే చాలాసేపు కూర్చుండిపోయాను. మహేంద్రతనయ ఏటి ఇసుకలో అన్నలతో బంతి తన్నిన పిల్ల ఇక జీతం తీసుకుని సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడబోతోంది! సంతోషం పట్టలేకపోయాను. రాత్రి మాత్రం నిద్ర రాలేదు.

తెలిసిన మాటలు ముందు చెప్పేస్తాను. ఒప్పందం కాగితం మీ నాన్న చదివాకే సంతకం చెయ్యి. గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిదో అందులో రాసి ఉందా చూడండి. వేళకు తిను, వేళకు పడుకో. బంతి రాకముందే భుజం మీదుగా ఒకసారి వెనక్కి చూసుకో. గోల్ ముందు తొందరపడకు, కీపర్‌కు దూరంగా ఉన్న మూలకు నేలబారుగా పంపు. కంగారులో నువ్వు తెలుగులోనే అరుస్తావు. "ఇటు, ఇటు" అంటే అక్కడ ఎవరికి అర్థమవుతుంది? ఒడియాలో, హిందీలో బంతి అడగడం అలవాటు చేసుకో. పెద్ద పేర్లు విని జంకకు. 2025లో మంగోలియాను మన దేశపు అమ్మాయిలు 13-0తో ఓడించినప్పుడు అందులో అయిదు గోల్స్ ఒడిశా అమ్మాయి ప్యారీ ఖాఖావే కదా. ఆ వార్త నాకు చదివి వినిపించింది నువ్వే.

ఇక అసలు సంగతి. కాగితం తీసింది ఇందుకే.

1988లో నాకు ఇరవై ఏళ్లు. చిన్న రైలెక్కి గుణుపురం వెళ్లి టోర్నమెంటు సెమీఫైనల్ ఆడాం. హెడ్ చేసి నేలకు దిగాను. పాదం అక్కడే ఉండిపోయింది, ఒళ్లు తిరిగింది. మోకాలి లోపల టప్పుమన్న చప్పుడు నాకు వినిపించింది. సాయంత్రానికి కొబ్బరిబోండంలా వాచింది. రెండు వారాల్లో ఫైనల్. చూడడానికి కలకత్తా నుంచి ఒక క్లబ్బు మనిషి వస్తున్నాడు. చెబితే పక్కన కూర్చోబెడతారని ఎవరికీ చెప్పలేదు. కట్లు కట్టే ఒకాయన దగ్గరకు చాటుగా వెళ్తే, వాపు మీద వేడి నూనె పోసి గట్టిగా మర్దన చేశాడు. తాజా వాపుకు ఐసు పెట్టాలని, మర్దన కూడదని నాకు అప్పుడు తెలియదు.

పది రోజులకు వాపు తీసింది. తిన్నగా నడిస్తే నొప్పి లేదు, తిన్నగా పరిగెత్తినా లేదు. ఈ గాయం చేసే మోసం అదే. పైగా మా మాస్టారు చెప్పిన కథ ఒకటి నా తలలో తిరుగుతోంది. 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు కుట్లతోనే దిగితే, కోచ్‌గా ఉన్న మన హైదరాబాదు రహీం గారు ఆయనను ఫార్వర్డ్‌గా ఆడించారు. ఫైనల్లో దక్షిణ కొరియాపై ఆయన గోల్ కొట్టాడు, మనకు స్వర్ణం వచ్చింది. నేనూ అలాంటివాడినే అనుకున్నాను. కుట్లు మానుతాయి తల్లీ. మోకాలి లోపల ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్ తెగితే మామూలుగా దానంతట అది అతుక్కోదు.

ఫైనల్లో ఇరవయ్యో నిమిషం. బంతి అందుకుని ఎడమకు తిరిగాను. మోకాలు పట్టు తప్పి పక్కకు జారిపోయింది. నలుగురు మోసుకొచ్చారు. మళ్లీ మైదానంలోకి దిగలేదు.

ఇంతవరకు నీకు తెలిసిన కథే. తెలియనిది ఒకటి ఉంది. ఆ రోజుల్లో నేను కుంటడం ఇంట్లో మీ అమ్మ ఒక్కతే చూసింది. తనకప్పుడు పదకొండేళ్లు. తాతయ్యకు చెబుతానంటే నా మీద ఒట్టు వేయించుకున్నాను. రాత్రిళ్లు నాకు ఉప్పు కాపడం పెట్టి, పొద్దున్నే ఏమీ ఎరగనట్టు బడికి వెళ్లేది. నన్ను మోసుకొచ్చిన రోజు తను అన్నం ముట్టలేదు. తాను చెప్పి ఉంటే అన్నయ్య కాలు నిలిచేదని ఇప్పటికీ అనుకుంటుంది. తప్పు చేసింది నేను, ఆ బరువు ఇన్నేళ్లూ మోసింది ఆ పిల్ల. అందుకే మీ అమ్మ నిన్ను పంపనని ఏడుస్తుంటే, ఆడపిల్లనని ఆపుతున్నావా అని మాట విసిరావట. అలా అనకూడదమ్మా.

ఇప్పుడు రోజులు మారాయి. ఈ లిగమెంట్ గాయం ఆడపిల్లలకు ఎక్కువగా అవుతుందంటారు. ఆటకు ముందు చేసే ఫిఫా 11+ వ్యాయామం 20 నిమిషాలే, దానితో గాయాలు తగ్గుతాయని తేలింది. కోచ్ చేయించకపోయినా నువ్వు చెయ్యి. ఒకవేళ తెగినా శస్త్రచికిత్స చేయించుకుని, తొమ్మిది నెలలకో ఏడాదికో ఎందరో మళ్లీ ఆడుతున్నారు. కాబట్టి గాయమంటే నాకు భయం లేదు. నువ్వూ నాలాగే నవ్వుతూ దాస్తావని భయం. పోయిన సంక్రాంతికి పాదంలో మేకు గుచ్చుకుంటే రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగావు. నేను మరిచిపోలేదు.

చప్పుడు వినిపించినా, వాచినా, తిరిగేటప్పుడు మోకాలు తూలినా ఆ గంటలోనే ఫిజియోకు చెప్పు. ఆ రాత్రే మీ అమ్మకు ఫోను చెయ్యి. నాకు తర్వాత, ముందు మీ అమ్మకు.

మంగళవారం స్టేషనుకు వస్తాను. మెట్లు ఎక్కడం నాకు ఆలస్యం, నా కోసం ఆగకుండా నువ్వు ముందు వెళ్లి సీటు చూసుకో. సంచి తాను పట్టుకుంటానని మీ అమ్మ అంటే కాదనకు.

మీ మావయ్య