చందుర్తి యుద్ధాన్ని టేబుల్ మీద ఆడితే ఫ్రెంచివాళ్ళు గెలవగలరా?

మీరు అడిగింది రెండు ముక్కలు. తెలుగు నేల మీద జరిగిన ఈస్టిండియా కంపెనీ కాలం నాటి యుద్ధాన్ని చిన్న బొమ్మలతో ఎవరైనా ఆడారా? ఆడితే ఫలితం చరిత్రలో ఉన్నట్టే వస్తుందా? మాది పర్లాకిమిడి. పోయిన రెండు వేసవుల్లో మా ఇంట్లో చందుర్తి యుద్ధం మూడుసార్లు ఆడాం కాబట్టి చెబుతున్నాను.

ముందు యుద్ధం సంగతి. ఫ్రెంచి సేనాని బుస్సీ ఉన్నంతకాలం ఉత్తర సర్కారులు, అంటే మన కోస్తా జిల్లాలు, ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్నాయి. మా పర్లాకిమిడి కూడా అప్పట్లో చికాకోల్ (శ్రీకాకుళం) సర్కారులోదే. 1758లో ఫ్రెంచివాళ్ళ పెద్ద అధికారి లాలీ బుస్సీని వెనక్కి పిలిపించుకోగానే విజయనగరం ఆనందగజపతి రాజు ఇంగ్లీషువాళ్ళకు కబురు పెట్టాడు. బెంగాల్ నుంచి క్లైవ్ కల్నల్ ఫోర్డ్‌ని పంపాడు. ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గర, గొల్లప్రోలు పక్కన ఉన్న చందుర్తి వద్ద ఫోర్డ్, ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్ తలపడ్డారు. ఫోర్డ్ దగ్గర ఇంచుమించు 470 మంది తెల్లవాళ్ళు, 1900 మంది సిపాయిలు, పక్కన రాజుగారి 5000 మంది. అటువైపు 500 మంది తెల్లవాళ్ళు, 6000 మంది సిపాయిలు, 500 గుర్రాలు, 30 దాకా ఫిరంగులు.

ఒక బొమ్మకి 50 మంది లెక్కన వేసుకుంటే 287 బొమ్మలు తేలాయి. విదేశాల నుంచి లోహపు బొమ్మలు తెప్పించే స్తోమత నాకు లేదు. ఇంట్లో పోగుపడ్డ పెళ్ళి శుభలేఖల అట్ట కత్తిరించి, రంగులేసి, కింద ఇనుప వాషర్లు అంటించాను. రంగులు వేస్తున్నప్పుడే గమనించాను, 287లో దొరలు 19 మందే. మిగతా అందరూ మనవాళ్ళే, రెండు వైపులా.

నేల కోసం నవారు మంచం మీద ప్లైవుడ్ షీటు పరిచాం. పంట చేను కావాలి, అది తప్పనిసరి. కొబ్బరి పీచు డోర్‌మ్యాట్ ముక్కలు కోస్తే అచ్చం కోతకొచ్చిన చేనులా ఉంటాయి. (గుమ్మం ముందు మ్యాట్ ఏమైందని మా ఆవిడ ఇప్పటికీ అడుగుతూనే ఉంది.)

చేను ఎందుకంటే, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఫోర్డ్ తెల్ల పటాలం మధ్యలో, ఎత్తుగా పెరిగిన చేను వెనక కనపడకుండా ఉంది. దానికి రెండు పక్కలా బెంగాల్ సిపాయిలు, ఎర్ర కోట్లతో. మద్రాసు సిపాయిల దుస్తులకు అలవాటుపడ్డ ఫ్రెంచివాళ్ళు ఎర్ర కోటు కనపడగానే వీళ్ళే తెల్లవాళ్ళు అనుకున్నారు. తమ మేలైన పటాలాన్ని ఒక పక్కనున్న సిపాయిల మీదికి నడిపారు. సిపాయిలు చెదిరారు, ఫ్రెంచివాళ్ళు తరుముకుంటూ ముందుకెళ్ళారు. అప్పుడు చేను చాటు నుంచి తెల్ల పటాలం వచ్చి పక్క నుంచి కాల్చింది. అక్కడితో కథ తిరిగిపోయింది, ఇంగ్లీషువాళ్ళు గెలిచారు.

మొదటిసారి మా బావమరిది ఫ్రెంచి వైపు కూర్చున్నాడు. ముందురోజే ఈ కథంతా నేనే ఉత్సాహంగా చెప్పేశాను, అదే నా బుద్ధి తక్కువ పని. వాడు చేను వైపు చూసి నవ్వి, "నేను కదలను బావా, నువ్వే రా" అని 30 ఫిరంగుల వెనక కూర్చున్నాడు. రెండు గంటలు పాచికలు వేసుకున్నాం, నిద్రొచ్చింది.

అందుకని రెండోసారి యుద్ధం పేరే చెప్పలేదు. పటాన్ని తిప్పేసి, ఊళ్ళ పేర్లు మార్చేసి, మా చిన్నాన్న కొడుకుని కూర్చోబెట్టాను. వాడికి చరిత్ర పట్టదు. చేను చాటు పటాలాన్ని టేబుల్ మీద పెట్టలేదు, చీటీ మీద రాసి రిటైరైన హిస్టరీ మాస్టారి చేతికిచ్చాం, ఆయనే అంపైర్. ఒక నియమం కూడా పెట్టాం: పటాలం ఎటు నడవాలో ముందే కాగితం మీద రాయాలి, మధ్యలో మార్చకూడదు. తమ్ముడు ఎర్ర కోట్లు చూసి నేరుగా వాటి మీదికే రాశాడు. మాస్టారు చీటీ విప్పి చేను వెనక తొమ్మిది బొమ్మలు నిలబెట్టగానే, "ఇదేటి అన్నయ్యా, మోసం!" అని లేచిపోయాడు. కాన్‌ఫ్లాన్స్ కూడా ఇంచుమించు ఇలాగే అనుకుని ఉంటాడు.

కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: ఆడేవాడికి కథ తెలిస్తే చరిత్ర జరగదు, తెలియకపోతే జరిగే అవకాశం ఎక్కువ. మూడోసారి ఇద్దరికీ తెలుసు. కానీ చీటీలు మూడు పెట్టి, పటాలం ఏ చీటీలో ఉందో ఫ్రెంచి వైపుకి తెలియకుండా చేశాం. ఆ ఆట ఫ్రెంచివాళ్ళే గెలిచారు, గుర్రాల పుణ్యమా అని. రాజుగారి వంద బొమ్మలకు మాత్రం కదలాలంటే పాచికలో ఆరు పడాలని పెట్టాను, ఎందుకంటే అసలు యుద్ధంలో ఆ సేన దాదాపు కలగజేసుకోలేదు. మీకు అన్యాయం అనిపిస్తే ఐదుకి తగ్గించుకోండి.

ఇంకొక్కటి. అట్ట బొమ్మలైతే వాషర్లు పెద్దవి వేయండి. మేలో ఆడుతూ ఉక్కకి తట్టుకోలేక ఎవరో ఫ్యాన్ వేశారు, ఫ్రెంచి సైన్యంలో సగం మంచం కిందికి పోయింది.