16 కోర్లున్నా వీడియో ఎన్‌కోడింగ్‌లో సగం కూడా వాడట్లేదు, ఏం చేయాలి?

మీ 16 కోర్ల ప్రాసెసర్ మీద ఎక్స్‌265తో (వీడియోని హెచ్‌ఈవీసీ ఫార్మాట్‌లోకి కుదించే ఎన్‌కోడర్‌తో) 1080పీ పెళ్ళి వీడియో ఎన్‌కోడ్ చేస్తుంటే, టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం సగం కూడా దాటట్లేదన్నారు. నాది భీమవరం దగ్గర పెళ్ళి వీడియోల స్టూడియో. మా సిస్టంలోనూ ఇదే తంతు. ప్రాసెసర్‌లో లోపమేమీ లేదండి.

ఎక్స్‌265 ఫ్రేమును 64 పిక్సెళ్ళ చదరాలుగా విడగొట్టి, వరుసల వారీగా థ్రెడ్లకు, అంటే కోర్ల మీద పక్కపక్కనే నడిచే పనులకు, పంచుతుంది. 1080 ఎత్తుకి వచ్చేవి 17 వరుసలే. పోనీ ఆ 17 కలిసి నడుస్తాయా అంటే అదీ లేదు. పై వరుస రెండు చదరాలు ముందుకెళ్తేగానీ కింది వరుస కదలదు. మన డెల్టాలో పై చేను నిండితేగానీ కింది చేలోకి నీరు దిగదు కదా, అలాగన్నమాట. అందుకే ప్రతి ఫ్రేము మొదట్లోనూ చివర్లోనూ చాలా కోర్లు ఖాళీ. కొన్ని ఫ్రేముల్ని ఒకేసారి నడిపి ఆ ఖాళీని కొంత పూడుస్తుంది గానీ, ఒక ఫ్రేముకి ఇంకో ఫ్రేముతో పని ఉంటుంది కాబట్టి దానికీ హద్దుంది. 4కేలో 34 వరుసలొస్తాయి, కోర్ల వాడకమూ పెరుగుతుంది. దీని ముందుతరం ఎన్‌కోడర్ ఎక్స్‌264 పద్ధతి వేరు, అది ఫ్రేముల్నే థ్రెడ్లకు పంచుతుంది.

ఎక్స్‌265లో పీమోడ్ (ఒక్కో చదరాన్ని ఎలా కుదించాలో తేల్చే పనినీ థ్రెడ్లకు పంచే సెట్టింగు) ఆన్ చేయమని ఎవరైనా చెబుతారు. శాతం పెరుగుతుంది, నిజమే. మీకు కావాల్సింది శాతమా, పని త్వరగా అవ్వడమా? సెకనుకి ఎన్ని ఫ్రేములవుతున్నాయో చూడండి.

ముందుగా ఎన్‌కోడర్ తీసేసి, డీకోడింగ్ (అసలు ఫైలుని విప్పడం), ఫిల్టర్లు మాత్రం ఉంచి అవుట్‌పుట్‌ని నల్‌కి (ఫైలేదీ రాయకుండా పారేసే చోటుకి) పంపండి. దానికీ దాదాపు అంతే సేపు పడితే తప్పు ఎన్‌కోడర్‌ది కాదు. రాత్రి రిసెప్షన్ ఫుటేజీకి నాయిస్ ఫిల్టర్ వేస్తే మా దగ్గర అదే గుదిబండ. ఈ పనులన్నీ నడిపే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ ప్రోగ్రాం కూడా 2024లో వచ్చిన 7.0 గానీ ఆ తర్వాతది గానీ వేసుకోండి. డీకోడర్, ఫిల్టర్లు, ఎన్‌కోడర్ అందులో సమాంతరంగా నడుస్తాయి.

ఇక అసలు మందు: ఒక్క ఎన్‌కోడ్‌తోనే కోర్లన్నీ నింపాలని చూడకండి. రెండు మూడు ఒకేసారి పెట్టండి. పెళ్ళికొడుకుని చేయడం, ముహూర్తం, రిసెప్షన్, వ్రతం ఎలాగూ వేరే ఫైళ్ళే కదా. ఒకటే పొడుగు ఫైలైతే కీఫ్రేముల (వేరే ఫ్రేముల మీద ఆధారపడని పూర్తి ఫ్రేముల) దగ్గర కోసి, ముక్కల్ని విడివిడిగా ఎన్‌కోడ్ చేసి, మళ్ళీ ఎన్‌కోడ్ చేయకుండా అతికించండి. ఆడియోని మాత్రం కోయొద్దు, అతుకుల దగ్గర టిక్కుమంటుంది. మొత్తం ఒకే ముక్కగా చేసి చివర్లో కలపండి. సగటు బిట్‌రేటు (సెకనుకి సగటున ఇన్ని బిట్లని ముందే కట్టేయడం) బదులు సీఆర్‌ఎఫ్ (నాణ్యతని నిలకడగా ఉంచి, అవసరాన్నిబట్టి బిట్లు వాడే పద్ధతి) వాడండి. లేకపోతే తలంబ్రాలు పోసుకునే ముక్కకీ, చుట్టాలు కుర్చీల్లో కూర్చున్న ముక్కకీ బిట్ల పంపకం ఒకే లెక్కన జరుగుతుంది. తలంబ్రాల దగ్గర బొమ్మంతా చదరాలు చదరాలుగా పగిలిపోతుంది.

ప్రతి ఎన్‌కోడ్‌కీ విడిగా మెమరీ కావాలి. 4కేలో మూడు పెడితే 16 జీబీ ఇరుకే. కోర్లన్నీ నిండాక వేడీ మామూలుగా ఉండదు. వైశాఖం ముహూర్తాల్లో మన ఉక్కకి క్లాక్ వేగం పడిపోతుంది, కాబట్టి ఫ్యాన్లలో దుమ్ము ముందే దులిపించండి. కరెంటు పోయినా, ముక్కలుగా చేసుకుంటే అప్పుడు నడుస్తున్నవే పోతాయి, మిగతావి దక్కుతాయి.