తేనెటీగ దారిబత్తెం

"తేనెటీగకు అంత దూరం ఎగిరే శక్తి ఎక్కడిది? మధ్యలో అయిపోతే ఏమవుతుంది?" అని అడిగారు. పొద్దుతిరుగుడు చేల గట్ల మీద తేనెపెట్టెలు పెట్టుకుని బతికేవాణ్ణి కనుక రెండో ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. అయిపోతే పడిపోతుంది.

ఒక మబ్బు పట్టిన ఉదయం పెట్టెకు నాలుగడుగుల దూరంలో ఒక ఈగ నేల మీద పడి ఉంది. వెనక కాళ్లకు పసుపుపచ్చ పుప్పొడి ముద్దలు అలాగే ఉన్నాయి. అంత తిండి మోస్తున్నా ఎగరడానికి అది అక్కరకు రాదు, పిల్లపురుగులను పెంచడానికే. మా పనికుర్రాడు చచ్చిందన్నాడు. పుల్ల కొసన పంచదార నీటిచుక్క తీసి దాని మూతికి ఆనించాను. గోధుమరంగు నాలుక మెల్లగా బయటికి వచ్చింది. కాసేపటికి పొట్ట గబగబా ఎగసిపడసాగింది, రెక్కలు మాత్రం కదల్లేదు. రెక్కలాడించకుండానే లోపలి కండరాలను వేడెక్కించుకోవడం దాని పద్ధతి. ఆ తర్వాత ఒక్కసారిగా లేచి తిన్నగా పెట్టెలోకి దూరింది.

దాని ఇంధనమంతా చక్కెరే. కడుపుకు ముందు తేనెసంచి ఉంటుంది, రెండింటికీ మధ్య ఒక కవాటం. రక్తంలో చక్కెర తగ్గేకొద్దీ ఆ కవాటం సంచిలోని తేనెను కొంచెం కొంచెంగా కడుపులోకి వదులుతుంది. అలా వచ్చిన చక్కెర ట్రెహలోజ్ అనే మరో రకం చక్కెరగా మారి రక్తంలో తిరుగుతూ, సెకనుకు సుమారు 230 సార్లు కొట్టుకునే రెక్కల కండరాలకు అందుతుంది. ప్రాణవాయువును సన్నని గొట్టాలే నేరుగా ఆ కండరాలకు చేరుస్తాయి. పెట్టె నుంచి బయలుదేరేటప్పుడే ఈగ కాస్త తేనె దారిబత్తెంగా తాగి వెళుతుంది, దూరం ఎక్కువైతే ఎక్కువ తాగుతుంది.

మిడతల సంగతి వేరు. ఎడారి మిడత మొదట చక్కెరే వాడినా, ఎగురుతూ అరగంట దాటేసరికి మెదడు వెనకున్న గ్రంథి నుంచి ఒక హార్మోను వచ్చి ఒంట్లోని కొవ్వును బయటికి తీయిస్తుంది. 2020లో మహారాష్ట్ర దాకా వచ్చిన దండ్లు ఆ కొవ్వు మీదే ఎగిరాయి.  తేనెటీగకు ఆ వెసులుబాటు లేదు.

అందుకే పూత లేని రోజుల్లో పెట్టెలో పంచదార పాకం పెడతాము. దాన్ని ఫొటో తీసి వాట్సాప్‌లో "కల్తీ తేనె" అని తిప్పిన పెద్దమనుషులున్నారు. పూత మీద ఉండగా పాకం పోసి ఆ తేనె అమ్మితే కల్తీ, నేనూ ఒప్పుకుంటాను. పూలు లేనప్పుడు పెట్టేది ఈగల తిండి. ఈగలు ఆ పాకం నిల్వ చేసిన తేనెపట్టు చట్రాల నుంచి మేము చుక్క కూడా పిండము. వీళ్లే మళ్లీ సీసాలో తేనె పేరుకుందని ఫోన్ చేస్తారు. పొద్దుతిరుగుడు తేనెలో సహజంగానే గ్లూకోజు ఎక్కువ, త్వరగా పేరుకుంటుంది బాబూ అంటే, "అయితే పంచదార కలిపినట్టేగా" అంటారు!