‘కాపీ’ అని రాసే ముందు

వడపళని, చెన్నై

అమ్మాయీ, ఆశీస్సులు.

పాత తెలుగు సినిమా పాటల బాణీల మీద నీ వ్యాసం శ్రద్ధగా చదివాను. నీకు మంచి చెవి ఉంది. ఏ పాట ఏ పాటను పోలి ఉందో ఇట్టే పట్టుకున్నావు. అయితే పోలిక దొరికిన ప్రతిచోటా ‘కాపీ’ అని తీర్పు చెప్పి తర్వాతి పాటకు వెళ్లిపోయావు. అసలు పని మొదలు కావలసిన చోటే నీ కలం ఆగిపోతోంది.

‘వివాహ భోజనంబు’ సంగతే చూడు. 1922లో ఇంగ్లండులో చార్లెస్ పెన్రోజ్ నవ్వే పోలీసు మీద పాడిన పాట బాణీ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. పోలిక నిజమే. మరి పెన్రోజ్‌కు ఆ బాణీ ఎక్కడిది? 1890ల్లో అమెరికాలో జార్జ్ జాన్సన్ అనే నల్లజాతి గాయకుడు పాడిన నవ్వుల పాటది. ఆయన బానిసత్వంలో పుట్టినవాడు. అప్పట్లో రికార్డుకు నకళ్లు పెద్ద ఎత్తున తీసే వీలు లేదు. అమ్మకానికి సిలిండర్లు, అంటే పాట నమోదయ్యే మైనపు గొట్టాలు కావాలంటే రికార్డింగు యంత్రం ముందు నిలబడి అదే పాటను, అదే నవ్వును మళ్లీ మళ్లీ పాడవలసిందే. ఒక మనిషి అలా కూలికి నవ్వుతూ గడిపిన రోజులను ఊహించు. ఆ నవ్వే దేశాలు దాటి, తెలుగు నాటకంలోకి వచ్చి, సురభి వారి శశిరేఖా పరిణయం మీదుగా 1957లో మాయాబజార్‌కు చేరింది. అక్కడ పాడినవారు మాధవపెద్ది సత్యంగారు. నాటకాల్లో పద్యాలు పాడి పండిన గొంతు ఆయనది. పెన్రోజ్ పోలీసు నవ్వు ఆపుకోలేక నవ్వుతాడు. సత్యంగారి ఘటోత్కచుడు గారెలూ బూరెలూ చూసి, ఇదంతా తనకేనన్న సంబరంతో నవ్వుతాడు. స్వరాలు దగ్గరివే, నవ్వే ప్రాణి వేరు. ఆ తేడా ఎలా వచ్చిందో నువ్వు రాయాలి.

బాణీలు ఇక్కడి నుంచి బయటికీ వెళ్లాయి. 1955లో రోజులు మారాయి చిత్రంలో కొసరాజు రాసిన ‘ఏరువాక సాగారో’ పల్లె బాణీకి మాస్టర్ వేణు సంగీతం. అయిదేళ్ల తర్వాత ఎస్.డి. బర్మన్ దాన్నే హిందీ పాటగా వినిపించారు. మనది వెళితే గర్వం, వాళ్లది వస్తే దొంగతనం అని రాయకు.

దొంగతనాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. ఎవరి బాణీయో తెలిసి కూడా వాళ్ల పేరు చెప్పకుండా, వాళ్లకు దక్కవలసింది ఇవ్వకుండా వాడుకోవడం అన్యాయం. అలాంటిది కనబడితే నిర్భయంగా రాయి. అందుకు ఆధారం కావాలి, చెవికి తోచిన పోలిక ఒక్కటే చాలదు. మోహన రాగంలో ఉన్నవి అయిదు స్వరాలే కదా, అందులో కట్టిన పాటలు ఒకదాన్నొకటి తాకక తప్పదు.

నీ వ్యాసంలో సంగీత దర్శకులు, గాయకులు తప్ప ఇంకెవరూ లేరు. నన్ను బాధపెట్టింది ఇదే. మాయాబజార్ తీసిన విజయా వాహినీ స్టూడియో ఈ వడపళనిలోనే ఉండేది, ఇప్పుడక్కడ మాల్ ఉంది. ఇక్కడి రికార్డింగుల్లో కర్ణాటక సంగీతం నేర్చిన వీణ, వేణువు విద్వాంసులూ, పాశ్చాత్య స్వరలిపి చదివే గిటారు, ట్రంపెట్ వాద్యకారులూ ఒకే గదిలో కూర్చునేవారు. ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర పాశ్చాత్య సంగీతం నేర్చుకున్నవారిలో ఇళయరాజా ఒకరు. ఒక్కొక్కరి గొంతునూ వాద్యాన్నీ విడివిడి ట్రాకులుగా రికార్డు చేసి తర్వాత కలిపే వీలు లేని కాలంలో గాయకుడూ వాద్యబృందమూ కలిసే పాట ముగించాలి. ఒక్కరు పొరపాటు చేసినా అందరూ మళ్లీ మొదటి నుంచి. గట్టిగా మోగే వాద్యాన్ని మైకుకు దూరంగా కూర్చోబెట్టేవారు. అప్పటి గ్రామఫోన్ రికార్డులో, నిమిషానికి 78 చుట్లు తిరిగే దాంట్లో, ఒక వైపు పట్టేది మూడు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. చరణాల మధ్య సంగీతాన్ని అంత పొదుపుగా వాడటానికి ఇదొక ముఖ్య కారణం. ఏ దేశపు ప్రభావం అని వెతికే ముందు ఆ గది గురించి తెలుసుకో.

తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయినా వాద్యకారుల్లో చాలామంది ఇక్కడే ఉండిపోయారు. సాలిగ్రామంలో, కోడంబాక్కంలో ఇప్పటికీ కొందరున్నారు, వయసు మీదపడింది. త్వరగా వెళ్లి కలువు. ‘ఈ బాణీ ఎక్కడి నుంచి కొట్టారు’ అని మొదలుపెడితే ఇక మాట్లాడరు. పాట వినిపించి, ఇందులో మీరు వాయించింది ఏది అని అడుగు. వాళ్లు చెప్పింది మరొకరితో సరిచూసుకో, జ్ఞాపకంలో ఏళ్లు తారుమారవుతాయి. పేర్లు, వాయించిన వాద్యాలు పూర్తిగా రాసుకో. వాళ్ల పేర్లు రికార్డుల మీద ఉండవు.

వ్యాసం తిరగరాసి పంపు. అన్ని పాటల జాబితా అక్కరలేదు, పైన చెప్పిన రెండూ చాలు. పండగ లోపు పంపితే తీరికగా కూర్చుని చదువుతాను.

ఆశీస్సులతో,
మీ మాస్టారు