ఇరవయ్యారేళ్లకు నటన నేర్చుకోవడం ఆలస్యమా?

ప్రశ్న: మా అబ్బాయికి 26 ఏళ్లు. గ్రాఫిక్ డిజైన్ చదివి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు అది మానేసి నటన నేర్చుకుంటానంటున్నాడు. చదివించినదంతా బూడిదలో పోసిన పన్నీరేనా? - ఒక తల్లి, కాకినాడ

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నాకు ఆలన్ రిక్‌మన్ గుర్తొచ్చారు. హ్యారీ పాటర్ సినిమాల్లో స్నేప్ మాస్టారు. మీ అబ్బాయిని అడగండి, చెబుతాడు.

ఆయనదీ గ్రాఫిక్ డిజైన్ చదువే. 1946లో లండన్‌లో పుట్టారు. ఎనిమిదేళ్లప్పుడు తండ్రి పోతే, నలుగురు పిల్లల్నీ తల్లే పెంచుకొచ్చింది. ఆయన స్నేహితులతో కలిసి డిజైన్ స్టూడియో నడిపారు. సరిగ్గా మీవాడి వయసులో, ఆడిషన్‌కి అవకాశం ఇమ్మని రాడా అనే పేరున్న నాటక విద్యాలయానికి ఉత్తరం రాశారు. 1972లో సీటొచ్చింది. ఖర్చులకు ఏం చేశారో తెలుసా? రాల్ఫ్ రిచర్డ్‌సన్, నైజెల్ హాథోర్న్ లాంటి పెద్ద నటులకు డ్రెస్సర్‌గా పనిచేశారు. అంటే వాళ్ల దుస్తులు సిద్ధం చేయడం, రంగానికీ రంగానికీ మధ్య వేషం మార్పించడం. సొంత స్టూడియో ఉన్న మనిషి ఇంకొకరి కోటు పట్టుకుని నిలబడ్డాడమ్మా. నాకు ఆయన అవార్డులకన్నా ఇదే పెద్దదనిపిస్తుంది.

మీరు భయపడాల్సింది వయసుకు కాదు, ఆ తర్వాతి పద్నాలుగేళ్లకు. 1974లో రాడా వదిలారు. చిన్న ఊళ్ల నాటక కంపెనీలు, ఆ పైన రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ. 1985లో 'లే లియేజాన్ డాంజెరూజ్' నాటకంలో వాల్మాంట్ అనే మోసకారి ప్రేమికుడి వేషంతో పేరొచ్చింది, 1987లో ఆ నాటకం న్యూయార్క్‌లో పెద్ద నాటకశాలలుండే బ్రాడ్‌వేకి వెళ్లింది. తీరా ఆ కథను సినిమాగా తీసినప్పుడు ఆ వేషం జాన్ మాల్కొవిచ్‌కి దక్కింది. రిక్‌మన్‌ని బ్రాడ్‌వేలో చూసినవాళ్లు 'డై హార్డ్'లో విలన్‌గా తీసుకున్నారు. అది ఆయన తొలి సినిమా, 1988లో. అప్పటికి 42 ఏళ్లు. విలన్‌గా ముద్రపడిపోకుండా 'సెన్స్ అండ్ సెన్సిబిలిటీ'లో నెమ్మదస్తుడైన కర్నల్‌గా చేశారు, రష్యా రాజకుటుంబాన్ని గుప్పిట్లో పెట్టుకున్న సాధువు రస్‌పుటిన్‌గా చేసి ఎమ్మీ అనే అమెరికా టీవీ అవార్డు గెలిచారు. పాటర్ సినిమాలు నడుస్తుండగానే మళ్లీ స్టేజీ ఎక్కారు.

అందుకే రాజీనామా ఇప్పుడే వద్దు. ఉద్యోగం చేసుకుంటూనే ఏదైనా నాటక బృందంలో ఒక ఏడాది పనిచేయమనండి. వేషం ఇవ్వకపోతే సెట్టు మోయమనండి, పోస్టరు గీయమనండి. ఆ చదువు అక్కడ బాగా పనికొస్తుంది. ఆ అనుభవంతో ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకో, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్‌కో దరఖాస్తు పెట్టవచ్చు. ఈలోగా జీతంలో కొంత పక్కన పెట్టించండి. ఫొటోలు తీయించి వేషం ఇప్పిస్తామనేవాళ్లకు మాత్రం రూపాయి కట్టొద్దు.

ఈసారి ఫోన్ చేసినప్పుడు, ఆదివారం ఎవరి రిహార్సల్‌కి వెళ్తున్నావని అడగండి. పేరూ చోటూ టక్కున చెప్పాడంటే వాడికి అడ్డు రాకండి.