డయాలసిస్ మిషను కొనేముందు

చిరంజీవి మేనల్లుడికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మీ నాన్న సంవత్సరీకం నాటికి ఆయన పేరున సోంపేట ఆసుపత్రికి ఒక డయాలసిస్ మిషను ఇవ్వాలనుకుంటున్నానని, ధర కనుక్కోమని రాశావు. నేను కనుక్కోలేదు. ఎందుకో చెబుతాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మిషను దొరక్క మనుషులు పోయిన రోజులున్నాయి. రైలెక్కి విశాఖపట్నం వెళితే తప్ప డయాలసిస్ ఉండేది కాదు. ఇప్పుడు సోంపేట, పలాస, కవిటి, హరిపురంలో కేంద్రాలున్నాయి. పలాసలో కిడ్నీ రోగుల కోసం 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైంది. డయాలసిస్‌కు డబ్బు కట్టనక్కర్లేదు, పైగా చేయించుకునేవారికి ప్రభుత్వం నెలకు రూ.10,000 పింఛను ఇస్తోంది. ఇంత జరిగాక కూడా మన దాతలు మిషను దగ్గరే ఆగిపోయారు.

మిషను ఒంటరిగా పనిచేయదు. నాలుగు గంటల డయాలసిస్‌కు దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు పోతాయి. ఆ నీటికి ప్లాంటు, ప్లాంటుకు ఫిల్టర్లు, కరెంటు పోతే జనరేటరు, వీటన్నిటి దగ్గరా శిక్షణ ఉన్న టెక్నీషియను కావాలి. దాత పేరు చెక్కిన పలక తళతళలాడుతూ, మిషను మాత్రం ఒక చిన్న భాగం రాక మూలపడి ఉండటం నా నర్సు ఉద్యోగంలో చూశాను. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, మిషను ఇచ్చినవారిని మరమ్మతుకు అడిగితే పలకరు.

అసలు అవసరం ఎక్కడుందో చెబుతాను. డయాలసిస్ వారానికి రెండు మూడు సార్లు చేయించుకోవాలి. మొదటి విడతకు చోటు దొరికినవాడు తెల్లవారకముందే ఇల్లు కదలాలి, ఆ వేళకు సముద్రం ఒడ్డు పల్లెల నుంచి బస్సులుండవు. తోడొచ్చే భార్యకు జీడిపప్పు ఫ్యాక్టరీలో ఆ రోజు కూలి పోతుంది. అయిపోయాక బీపీ పడిపోయి కళ్లు తిరుగుతుంటే బస్టాపులో నిలబడలేడు, తిరుగు ప్రయాణానికీ ఆటోనే. పింఛనులో పెద్ద వాటా ఇలా ఆటోకే పోతుంది. చేతిలో డబ్బు ఆడని వారం "ఈసారికి మానేద్దాంలే" అంటాడు. ఒంట్లో చేరిన నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కి, రాత్రి ఆయాసంతో 108 వ్యాన్‌లో వస్తాడు. ఆసుపత్రిలో పడక ఖాళీగానే ఉంది, మిషనూ బాగానే ఉంది. రోగిని అక్కడికి చేర్చేవాళ్లే లేరు.

అందుకని ఈ రోగులకు సాయపడే మా సంఘం ఒకే దారిలో ఉన్నవారికి ఒకే విడతలో చోటు ఇప్పించమని ఆసుపత్రివారిని బతిమాలి, వాళ్లందరికీ కలిపి ఒక ఆటోను నెల జీతానికి కుదిర్చింది. డ్రైవరు ఇంటి ముందుకొచ్చి హారను కొడతాడు. లేవలేనంటే లోపలికి వెళ్లి చెయ్యిచ్చి తీసుకొస్తాడు. ఎవరు రాలేదో నాకు ఫోను చేసి చెబుతాడు. ఆ ఫోను చాలా విలువైనది, మానేసినవాళ్ల ఇంటికి నేనో మరొకరో ఆ పూటే వెళతాం. ఇలాంటిదే మరొక ఆటో కవిటి వైపు కావాలి. మీరు ఇవ్వదలిస్తే దానికి ఏడాది పాటు ఇవ్వండి.

తిండి సంగతి కూడా రాయాలి. పుట్టినరోజు చేసుకునేవాళ్లు డయాలసిస్ వార్డుకు అరటిపండ్లు, కమలాలు, కొబ్బరి బొండాలు మోసుకొచ్చి ఫొటోలు దిగి వెళతారు. వాళ్ల మనసు మంచిదే, కాదనను. కానీ కిడ్నీలు పనిచేయని మనిషి ఒంట్లో పొటాషియం బయటికి పోదు, హద్దు దాటితే గుండె ఆగిపోతుంది. కొబ్బరి నీళ్లలో పొటాషియంతో పాటు వాళ్లు కొలత వేసుకుని తాగాల్సిన నీరూ ఉంటుంది. కొబ్బరితోటల మధ్య పుట్టినవాడికి బొండం తాగకూడదని చెప్పడమే కష్టం, దాత చేతికిస్తే ఇక ఎవరు ఆపగలరు? డయాలసిస్‌లో మాంసకృత్తులు కొంత పోతాయి కాబట్టి వాళ్లకు కావలసింది ఉడికించిన గుడ్డులోని తెల్లసొన. అందులో ఫొటోకు పనికొచ్చే ఆకర్షణ లేదు కనుక ఎవరూ తేరు. ఏది ఇవ్వాలన్నా ముందు నర్సును అడిగి ఇవ్వడం పద్ధతి.

ఇక డబ్బు పంపే విషయం, దీన్ని జాగ్రత్తగా చదువు. నువ్వు అమెరికా పౌరసత్వం తీసుకున్నావు. పుట్టింది ఇక్కడే అయినా, విదేశీ పౌరులైన మనవాళ్లకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, చట్టం దృష్టిలో నీ విరాళం విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద అనుమతి ఉన్న సంస్థే, అదీ ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోనే తీసుకోవాలి. మా చిన్న సంఘానికి ఆ అనుమతి లేదు, కాబట్టి నీ దగ్గర ఒక్క డాలరు కూడా తీసుకోలేం. అనుమతి ఉన్న పెద్ద సంస్థకిచ్చి మాకు మళ్లించమంటావేమో, 2020 సవరణ తర్వాత అదీ కుదరదు. నీ చెల్లెలి ఖాతాలో వేసి ఇప్పించడమూ దొడ్డిదారే, ఆ పని చేయకు.

బెంగళూరులో ఉన్న చెల్లెలు తన జీతంలోంచి ఇవ్వవచ్చు. రూ.2,000 దాటితే నగదు వద్దు, బ్యాంకు ద్వారానే ఇవ్వమను. పాత పన్ను విధానంలో ఉంటే మేమిచ్చే పత్రంతో మినహాయింపు కూడా వస్తుంది. నీ మటుకు నువ్వు ఉద్దానంలో పనిచేస్తున్న ఎఫ్‌సీఆర్‌ఏ సంస్థను వెతుక్కో. పేరు పెద్దదని నమ్మేయకు. అనుమతి ఇంకా అమల్లో ఉందో లేదో హోంశాఖ జాబితాలో చూడు. నిరుటి జమాఖర్చులు అడుగు. మిషన్లకు కాక మనుషులను తీసుకురావడానికి, తిండికి, ఊళ్లలో కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్షలకు ఎంత ఖర్చు పెట్టారని సూటిగా అడుగు. పరీక్షలు చేశామని చెబితే, ఫలితం చెడ్డగా వచ్చినవాళ్లు తర్వాత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లారని కూడా అడుగు. చాలా క్యాంపులు రక్తం తీసుకుని, కాగితం చేతికిచ్చి వెళ్లిపోతాయి. ఆ కాగితం చూరులో దోపి, నొప్పులకు మందుల షాపు మాత్రలు మింగుతూ ఉన్న కాస్త కిడ్నీనీ పాడుచేసుకుంటారు మనవాళ్లు.

ఆటో మీద మీ నాన్న పేరు రాయించాలని నీకుంటే అడ్డు చెప్పను. రోగుల ఫొటోలు మాత్రం అడగవద్దు.

కవిటి వైపు ఆటోకు అనుకున్న డ్రైవరుకు దసరా తర్వాత స్కూలు పిల్లల బేరం వచ్చేలా ఉంది. ఈలోగా చెల్లెలితో మాట్లాడి నాకు ఏ సంగతో చెప్పించు.

ఆశీస్సులతో,
మీ అత్తయ్య