దువ్వెన మరవకండి

ప్రశ్న: జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్తున్నాను. క్యామెల్‌బ్యాక్ కొండ ఎక్కాలని ఉంది. వయసు 58. రోజూ గంట నడుస్తాను. ఎక్కగలనా?

జవాబు: ఎక్కగలరు గానీ, జూన్ ఎండలో వద్దనే అంటాను. ఆ కొండెక్కే ఎకో కాన్యన్ దారి ఒకవైపు మైలుంపావే. అందులోనే 1,200 అడుగులకు పైగా ఎత్తు ఎక్కాలి. చదును నేలకు అలవాటు పడిన మోకాళ్లకు ఇది వేరే లెక్క. నిటారు బండ దగ్గర పట్టుకోవడానికి ఇనుప కమ్మీ ఉంటుంది. నేను ఎక్కినప్పుడు నా చేతి తొడుగులేమో సంచి అడుగున ఉన్నాయి! కమ్మీ అరచేతిని చురుక్కుమనిపించింది.

దిగడం ఇంకా కష్టం. గులకరాళ్ల మీద జారి కూలబడ్డాను. లేచేసరికి పిక్కకు చోయా అనే ముళ్ల కాక్టస్ ముక్క అంటుకుని ఉంది. దాన్ని వేళ్లతో లాగితే వేళ్లకే గుచ్చుకుంటుంది. ముక్కకూ చర్మానికీ మధ్య దువ్వెన దూర్చి ఒక్క ఊపున ఎగరగొట్టాలి.

తీవ్రమైన ఎండ హెచ్చరిక ఉన్న రోజుల్లో నగరపాలక సంస్థ పగటిపూట ఈ దారిని మూసేస్తుంది. మీకు జూన్ తప్పదంటే తెల్లవారగానే బయలుదేరండి. నీళ్లు సగమైన చోటే వెనక్కి తిరగండి, శిఖరం కళ్లెదుటే ఉన్నా సరే.